మా కాలనీలో పెట్టిన పోలీస్ క్యాంపు రూమ్: వాడి చూసినవాడిగా నా రివ్యూ

హోటల్ బిర్యానీకి, ఏసీ సర్వీసింగ్‌కు రివ్యూలు రాస్తాం కదా, మరి దొంగతనాల కేసులో పోలీసులు మా కాలనీలో పెట్టిన క్యాంపు రూమ్‌కు ఎందుకు రాయకూడదు? అదీ ఒక సర్వీసే, మన పన్నుల డబ్బుతో నడిచేదే, పైగా దాని వల్లే కేసు తేలింది. ఏ కాలనీయో, ఏ స్టేషనో మాత్రం రాయను. కేసు ఇంకా కోర్టులో ఉంది, సాక్షులంతా మా వీధుల్లో రోజూ కనిపించేవాళ్లే. తిరుపతి అని మాత్రం చెప్తాను, ఎందుకంటే ఈ ఊరి సంగతి తెలియనిదే ఆ రూమ్ అవసరం ఎందుకు పడిందో అర్థం కాదు.

సంక్రాంతికి సగం కాలనీ సొంతూళ్లకు పోయింది. పండగ మూడు రోజుల్లో తాళం వేసిన ఇళ్లు వరసగా పగలగొట్టారు. అన్నీ ఒకే తీరు, ముందు తలుపు ముట్టుకోరు, వెనక వైపు కిటికీ గ్రిల్ వంచి లోపలికి దిగుతారు, బీరువాలో బంగారం, డబ్బు తప్ప ఇంకేదీ తీసుకోరు. క్లూస్ టీమ్ వచ్చింది, కుక్క వచ్చింది, మెయిన్ రోడ్డు దాకా పోయి ఆగిపోయింది. మామూలుగా అయితే కథ అక్కడితో సరి, బాధితులు స్టేషన్ చుట్టూ తిరగాలి, మిగతావాళ్లు సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి మాట్లాడుకోవాలి. ఈసారి అలా కాలేదు. అసోసియేషన్ వాళ్లను అడిగి కమ్యూనిటీ హాల్లో ఒక మూల టేబుల్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నారు, బయట చిన్న ఫ్లెక్సీ కట్టారు, ఏం చూసినా ఏం తెలిసినా ఇక్కడికి వచ్చి చెప్పండి అని. ఒక ఏఎస్సై గారు, ఒక కానిస్టేబుల్, మా వార్డు సచివాలయంలో పనిచేసే మహిళా పోలీసు, అంతే స్టాఫ్.

మొదట ఎవరూ పోలేదు. పోలీసులతో మనకెందుకు, రేపు కోర్టుకు పిలుస్తారు, పనులు మానుకుని తిరగాలి, ఇదే మాట అందరి నోట. దాన్ని మార్చింది ఆ మహిళా పోలీసు అమ్మాయి. పింఛన్లు, సర్టిఫికెట్ల పని మీద సచివాలయానికి పోయే ఆడవాళ్లందరికీ ఆమె మొహం తెలుసు. "అక్కా, ఊరికే వచ్చి కూర్చో, చెప్పాలనిపిస్తే చెప్పు" అని వీధి వీధికీ తిరిగి పిలిచింది. స్టేషన్ మెట్లు ఎక్కమంటే జన్మలో ఎక్కనివాళ్లు కూడా కమ్యూనిటీ హాలుకు వచ్చారు, ఎందుకంటే పెళ్లి రిసెప్షన్లకు, కంటి క్యాంపులకు వాళ్లు వచ్చే హాలే అది. చోటు ఎంచుకోవడంలో పోలీసులకు పూర్తి మార్కులు.

తిరుపతిలో ఉండే చిక్కు బయటి ఊళ్లవాళ్లకు తెలియదు. వేరే ఊళ్లో అయితే కొత్త మనిషి వీధిలోకి వస్తే పది కళ్లు పడతాయి. ఇక్కడ రోజూ కొత్త మనుషులే. కొండకు వచ్చే భక్తులు, రూములు దొరక్క ఇళ్లల్లో దిగేవాళ్లు, అలిపిరికి దారి అడిగేవాళ్లు, తెల్లారుజామున జీపుల వాళ్లు, గుండు చేయించుకుని బ్యాగులు మోసుకుంటూ తిరిగేవాళ్లు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక, రెండు సరిహద్దులూ దగ్గరే, ఏ నంబరు ప్లేటు కనిపించినా మనకు వింత అనిపించదు. కాబట్టి "ఎవరో కొత్తవాడు తిరిగాడు సార్" అనే మాట ఇక్కడ దేనికీ పనికిరాదు. ఏ గేటు దగ్గర, ఎంతసేపు, చేతిలో ఏముంది, ఎటు పోయాడు, ఇవి కావాలి. ఆ ఏఎస్సై గారికి ఈ సంగతి బాగా తెలుసు. మనం చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో ఆపి, "బాబూ, మీరు చూశారా, ఎవరైనా చెబితే విన్నారా?" అని ప్రతిసారీ అడిగేవారు.

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. ఆయన ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది, పేజీకి ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి మూడు గడులు చేశారు. కళ్లారా చూసింది ఒకటి, ఇంకొకరు చెప్పగా విన్నది ఒకటి, అనుమానం ఒకటి. ప్రతి ఎంట్రీకి ఒక నంబరు, ఎవరికి అప్పగించారు, ఏం తేలింది అని చివర్లో చిన్న జాగా. చెప్పినవాళ్ల పేరు ఆ పుస్తకంలో రాయలేదు, అది వేరే చోట ఉంచారు. నాకు ఈ రూమ్‌లో అన్నిటికన్నా నచ్చింది ఆ నోట్‌బుక్కే. ఎందుకంటే ఇలాంటి చోటికి జనం ముందు తెచ్చేది పాత కక్షలు. మా దగ్గర పైమిద్దెలో అద్దెకుండే కాలేజీ పిల్లల మీద కనీసం ముగ్గురు ఓనర్లు వేలు చూపించారు, రాత్రి రెండింటికి లైట్లు వెలుగుతాయట, స్నేహితులు వచ్చి పోతారట. అదంతా మూడో గడిలోకి పోయింది. పిల్లలను స్టేషన్‌కు ఈడ్చుకుపోలేదు, మహిళా పోలీసు వెళ్లి ఇంటి దగ్గరే మాట్లాడింది, పండగకు ఇద్దరు మదనపల్లెలో ఇంట్లో ఉన్నారని తేలింది, ఆ ఎంట్రీ అక్కడితో ముగిసింది. అదే ఆ మాట వాట్సాప్ గ్రూపులో మాత్రమే తిరిగి ఉంటే ఆ పిల్లలు ఈపాటికి రూమ్ ఖాళీ చేసి పోయేవాళ్లు.

ఇక సీసీ కెమెరాల సంగతి. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, అందరికీ పనికొస్తుంది. మన ఇళ్లల్లో కెమెరాల రికార్డింగ్ దాచే బాక్సులు, అంటే డీవీఆర్‌లలో హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కుతుంది. కొన్ని ఇళ్లల్లో వారం కూడా నిలవదు. ఊరి నుంచి తిరిగి వచ్చాక తీరిగ్గా చూద్దాంలే అనుకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు. ఈ కానిస్టేబుల్ మాత్రం రూమ్ పెట్టిన రోజే పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. మా పక్కింట్లో అతను చేసిన పని దగ్గరుండి చూశాను. ఫుటేజీ కాపీ చేసే ముందు తన ఫోన్‌లో టైమ్ పెద్ద అక్షరాల్లో పెట్టి, ఆ ఫోన్‌ను డీవీఆర్ మానిటర్ పక్కన ఆనించి, రెండు టైమ్‌లూ ఒకే ఫ్రేమ్‌లో పడేటట్టు ఇంకో ఫోన్‌తో ఫోటో తీశాడు. ఎందుకన్నా అని అడిగితే, "మీ కాలనీలో ఏ రెండు కెమెరాల టైమూ ఒకటిగా లేదు సార్, ఈ తేడా రాసుకోకుంటే చూసిందంతా వేస్ట్" అన్నాడు. పక్కింటి డీవీఆర్ ఇరవై ఏడు నిమిషాలు వెనక ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ చూసుకోలేదు.

కాపీ తీసుకున్నాక ఓనర్ చేత ఒక సర్టిఫికెట్ మీద సంతకం పెట్టించుకున్నారు, అక్కడే చాలామందికి టెన్షన్. నేను సాక్షిని అయిపోతానా, నన్ను ఇరికిస్తారా అని. నిజానికి అది కాపీకి గుర్తింపు పత్రం లాంటిది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టు చూడాలంటే ఆ సర్టిఫికెట్ ఉండాలి, ఫైల్ మారలేదని చూపే హ్యాష్ విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్) కూడా అందులో రాస్తారు. పాత చట్టంలో అది 65బి, ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో తేల్చి చెప్పింది. ఆ సంతకం లేకపోతే దొంగ మొహం స్పష్టంగా కనిపించినా వాడి వకీలు ఆ వీడియోను పక్కన పెట్టించగలడు. ఈ మాట ఆ రూమ్‌లో కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు కాబట్టే మా వీధిలో ఒక్కరు కూడా సంతకం పెట్టను అనలేదు.

కేసు కదిలింది ఇలా. పూలమ్మే అక్క ఒకామె ఉంది, తెల్లారకముందే పూలకు బయలుదేరుతుంది. గుడి మలుపులో పక్క పరదాలు దించేసిన ఒక ఆటో ఆగి ఉండటం చూసింది, లోపల మనుషులున్నారు కానీ బేరానికి పిలవలేదు. తిరుపతి ఆటో డ్రైవర్ ఆ వేళకు మనిషిని చూసి పిలవకపోవడం ఏంటా అని ఆమెకు అనుమానం. టైమ్ ఎంత అంటే తెలియదు, వాచీ లేదు, ఫోన్ చూసుకోలేదు. "ఇంకా గుడి మైకు పెట్టలేదు సార్, నేను రోడ్డెక్కినాక మైకు మొదలైంది" అంది. ఎవరైనా అయితే టైమ్ తెలియదు అని రాసి వదిలేసేవారు. ఏఎస్సై గారు పూజారి గారిని పిలిచి కనుక్కుంటే సుప్రభాతం నాలుగున్నరకు పెడతారని తేలింది. అంటే ఆటో ఆగింది నాలుగున్నరకు కొంచెం ముందు. పక్కింటి కెమెరాలో ఆటో కనిపించిన టైమ్ మూడు నలభై ఎనిమిది. చూడగానే రెండూ వేరు వేరు ఆటోలు అనిపిస్తాయి. ఇరవై ఏడు నిమిషాలు కలిపితే నాలుగుంబావు, రెండూ ఒకటే. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు కెమెరాలు ఒకటి తర్వాత ఒకటి చూసుకుంటూ పోయి బండి నంబరు పట్టారు. ఆ తర్వాత దొంగతనాల కేసులు చూసే సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) పోలీసులు అందుకున్నారు, అరెస్టులు జరిగాయి, బంగారం కొంత దొరికింది, కొంత అప్పటికే కరిగించేశారు.

ఇక్కడ ఆలోచించండి, పూలమ్మే ఆమె మాట ఒకరు విని, ఫుటేజీ ఇంకొకరు చూసి, పూజారితో ఎవరూ మాట్లాడకపోయి ఉంటే? మూడూ మూడు చోట్ల ఉండిపోయేవి. ఇలాంటి రూమ్ అసలు పని జనం మాట వినడం ఒక్కటే కాదు, విన్న మాటను ఇంకో మాట పక్కన పెట్టి చూడటం.

బ్రిటన్‌లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది, అక్కడ దాన్ని ఇన్సిడెంట్ రూమ్ అంటారు. పెద్ద నేరం జరిగితే వచ్చిన ప్రతి సమాచారానికీ ఒక నంబరు, దాని మీద చేయాల్సిన పనికి ఒక నంబరు, పని అప్పగించేవాళ్లు వేరు, స్టేట్‌మెంట్లు చదివేవాళ్లు వేరు, పేర్లు, బండ్లు, అడ్రసులు ఇండెక్స్ చేసేవాళ్లు వేరు. ఈ క్రమశిక్షణ వాళ్లకు ఊరికే రాలేదు. 1975 నుంచి ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో పీటర్ సట్‌క్లిఫ్ అనే హంతకుడు 13 మంది మహిళలను చంపాడు. లీడ్స్‌లో మిల్‌గార్త్ స్టేషన్‌లోని ఇన్సిడెంట్ రూమ్‌లో సమాచారమంతా చేత్తో రాసిన కార్డుల మీదే, ఆ కాగితాల బరువుకు నేల గట్టి చేయించాల్సి వచ్చింది. వేరే వేరే కారణాలతో పోలీసులు సట్‌క్లిఫ్‌ను తొమ్మిది సార్లు ప్రశ్నించి వదిలేశారు, ఒక కార్డులో ఉన్నది ఇంకో కార్డు దగ్గరకు చేరలేదు. పైగా 1979లో హంతకుడిని నేనే అంటూ ఎవడో ఒక టేపు పంపితే దాన్ని నమ్మి, ఆ టేపులో వినిపించిన యాస ఉన్నవాళ్ల వెంట పడ్డారు, సట్‌క్లిఫ్‌కు ఆ యాస లేదు. చివరికి 1981 జనవరిలో షెఫీల్డ్‌లో దొంగ నంబరు ప్లేటు ఉన్న కారులో మామూలు గస్తీ పోలీసులకు దొరికాడు. ఆ దెబ్బకే 1985లో హోమ్స్ అనే కంప్యూటర్ సిస్టమ్ తెచ్చుకున్నారు, దేశమంతా ఒకే పద్ధతిలో ఇన్సిడెంట్ రూమ్‌లు నడపడం మొదలైంది.

ఆ టేపు కథ చదివితే నాకు మా వాట్సాప్ గ్రూపే గుర్తొస్తుంది. దొంగతనాలు జరిగిన మర్నాడే చెడ్డీ గ్యాంగ్ దిగింది అంటూ ఎక్కడిదో పాత వీడియో తిప్పారు, ఆడవాళ్లు రాత్రిళ్లు నిద్రపోలేదు. రూమ్‌లో ఆ వీడియోకు కూడా ఒక నంబరు వేసి, అది ఇక్కడిది కాదని రెండు రోజుల్లో తేల్చి గ్రూపులో పెట్టించారు. అలా పుకారును ఆపడం కూడా ఈ రూమ్ చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఇప్పుడు లోపాలు. మొదటిది, చాటు లేదు. హాల్లో మూల టేబుల్ అంటే అటు పక్కన అసోసియేషన్ పెద్దలు పేపరు చదువుకుంటూ చెవులు ఇటే పెట్టి కూర్చుంటారు. ఎవరు వచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, సాయంత్రానికి వీధంతా తెలిసేది. నిందితుడి చుట్టం మన వీధిలోనే ఉంటే? ఎవరు సమాచారం ఇచ్చారో చెప్పమని పోలీసు అధికారిని కోర్టు కూడా బలవంతం చేయలేదని సాక్ష్య చట్టంలోనే ఉంది, ఆ రక్షణ టేబుల్ దగ్గరే పోతే ఏం లాభం? హాల్లో వంట సామాన్లు పెట్టే గది ఒకటి ఖాళీగా ఉంది, అది తీసుకుని ఉండాల్సింది. కనీసం ఒక తెర.

రెండోది టైమింగ్స్. పొద్దున పదికి తెరిచి సాయంత్రం ఆరుకు మూసేవాళ్లు. డ్యూటీలకు పోయేవాళ్లు ఇల్లు చేరేది ఏడు తర్వాత. రాత్రంతా మేలుకుని ఉండే వాచ్‌మెన్లు, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయిలు, జీపు డ్రైవర్లు, అసలు ఈ కేసులో ఏదైనా చూసి ఉండేది వాళ్లే, వాళ్లకు ఆ టైమ్‌లో నిద్ర. రాత్రి ఏడు నుంచి తొమ్మిది, తెల్లారి ఐదు నుంచి ఏడు పెట్టి ఉంటే ఇంకా ఎంత వచ్చేదో.

మూడోది చాలా బాధ కలిగించింది. కొండకు ఎవరో వీఐపీ వస్తున్నారని బందోబస్తుకు స్టాఫ్‌ను లాగేశారు, రూమ్‌కు తాళం. ఫ్లెక్సీ మీద ఉన్న నంబరు కానిస్టేబుల్ సొంత ఫోన్‌ది, అదీ కలవలేదు. ఊరి నుంచి ఆలస్యంగా వచ్చిన ఒక అవ్వ తన పాత పెట్టెలో ఉన్న గాజుల ఫోటో పట్టుకుని వచ్చి, తాళం చూసి, అరుగు మీద చాలాసేపు కూర్చుని వెళ్లిపోయింది. తిరుపతిలో బందోబస్తు ఎప్పుడూ ఉండేదే, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, గంగమ్మ జాతర, నెలకో రద్దీ. అది తెలిసి కూడా దర్యాప్తు రూమ్‌కు బదులు మనిషిని పెట్టకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. మహిళా పోలీసు తర్వాత ఆ అవ్వ ఇంటికే వెళ్లి వివరాలు రాసుకుంది. అన్నట్టు ఇది ఆమె దయ ఒక్కటే కాదు, మహిళలను, 60 ఏళ్లు దాటినవాళ్లను సాక్ష్యం కోసం వాళ్లుండే చోటు తప్ప ఇంకెక్కడికీ రమ్మనకూడదని పోలీసుల దర్యాప్తు ఎలా సాగాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 179వ సెక్షన్‌లో ఉంది. స్టేషన్‌కు రండి అని ఫోన్ వస్తే పెద్దవాళ్లు భయపడాల్సిన పని లేదు, ఇంటికి వచ్చి రాసుకోండి సార్ అని మర్యాదగా అడగొచ్చు.

నాలుగోది, చెప్పినవాళ్లకు తిరిగి చెప్పడం. నోట్‌బుక్‌లో చివరి గడి నింపారు గానీ, ఆ కబురు మనిషికి చేరలేదు. పూలమ్మే ఆమెకు తన మాట వల్లే బండి దొరికిందని చాలా రోజుల దాకా తెలియదు, నాకు తెలిశాక నేనే చెప్పాను. కేసు వివరాలు బయటపెట్టమని ఎవరూ అడగరు. "అక్కా, నువ్వు చెప్పింది పనికొచ్చింది" అనే ఒక్క మాట చాలు, వచ్చేసారి పిలవకుండానే వస్తుంది. ఫిర్యాదుదారులకైతే ఇది హక్కు కూడా, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు తెలియజేయాలని అదే సంహిత 193వ సెక్షన్ చెప్తోంది. మా వాళ్లలో కొందరికి ఆ మెసేజ్ వచ్చింది, కొందరికి అడిగితే గానీ రాలేదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ తెర, ఆ సాయంత్రం టైమింగ్స్ ఉంటే మిగిలినదీ ఇచ్చేవాడిని. మీ కాలనీలో ఇలా జరిగితే అసోసియేషన్ తరఫున సీఐ గారిని కలిసి రూమ్ కావాలని మీరే అడగండి, హాలు మేమిస్తాం అనండి, మంచినీళ్లు, కరెంటు, ఒక ప్రింటర్ మన ఖర్చు. కానీ అసోసియేషన్ వాళ్లు లోపల కూర్చోకూడదు, నోట్‌బుక్ ముట్టుకోకూడదు. సమాచారం ఇచ్చాక ఎంట్రీ నంబరు అడిగి తీసుకోండి, ఆ నంబరు చెబితే తర్వాత ఏ ఆఫీసర్ వచ్చినా వెతకడం సులువు.

దొరికిన నగల సంగతి చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. స్వాధీనం చేసుకున్న బంగారం పోలీసులు నేరుగా చేతికివ్వరు, కోర్టులో పిటిషన్ వేసుకోవాలి. కొన్న బిల్లు ఉంటే మంచిది, లేకుంటే ఆ నగ వేసుకున్న పెళ్లి ఫోటో అయినా పట్టుకుపోండి.

రూమ్ ఇప్పుడు లేదు, చార్జిషీట్ వేశాక టేబుల్ తీసేశారు, నోట్‌బుక్ స్టేషన్‌లో ఉంది. ఊరికి పోయేవాళ్లు తాళం వేసిన ఇళ్లను కనిపెట్టుకునే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో ముందుగానే చెప్పిపెడితే ఇంట్లో కెమెరా బిగించి పోతారు, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూమ్‌కు తెలుస్తుంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఇంట్లో డీవీఆర్ ఉన్నవాళ్లు ఈ రోజే టైమ్ చూసుకోండి. తప్పుగా ఉంటే సరిచేసే ముందు ఎంత తేడా ఉందో, ఏ తేదీన సరిచేశారో ఒక చీటీ మీద రాసి ఆ బాక్సుకే అతికించండి, పాత ఫుటేజీ కోసం ఎవరైనా వస్తే ఆ చీటీ కావాలి.